ముప్పది స్తంభములలో మనది యేది?

జర్మనీ దేశమున నూరెంబర్గు నగరములో ఒక వీథి కలదు. దానికి ద్వారము కలదు, టిక్కెట్టు లేదు. వీథి పొడవునను 8 మీటర్ల ఎత్తుగల తెల్లని కాంక్రీటు స్తంభములు సమాన దూరములలో నిలిచియున్నవి. ఒక్కొక్క దానిపై మానవ హక్కుల సార్వత్రిక ప్రకటనలోని ఒక్కొక్క అధికరణము జర్మను భాషలోను, దానితోపాటు మరియొక భాషలోను చెక్కబడియున్నది. 1993 అక్టోబరు 24వ తేదీన ప్రారంభమైన ఈ 'మానవ హక్కుల వీథి'ని రూపొందించినవాడు ఇజ్రాయేలు శిల్పి డానీ కారవాన్.

మా అమ్మాయియు అల్లుడును ఆ చేరువనే ఎర్లాంగెన్ పట్టణమున ఉద్యోగరీత్యా కాపురముందురు. 2024 జూన్ మాసమున వారింటికి పోయినపుడు మేమును మా శ్రీమతియు ఎనిమిదేండ్ల మనుమని వెంటబెట్టుకొని ఈ వీథిని చూడబోయితిమి. బరంపురము కచేరీలో జీవితమంతయు దస్త్రములు మోసిన గుమాస్తాకు అధికరణములు చదువుటయందు ఇంకను ఉత్సాహమేమని చదువరులు నవ్వవచ్చును. కాని చట్టపు వాక్యమును చేతితో తడిమి చూచు భాగ్యము కచేరీలో మాకెన్నడును కలుగలేదు.

ఈ వీథి నూరెంబర్గుననే యుండుటకు కారణము కలదు. నాజీ పక్షము తన మహాసభలు జరుపుకొన్న ఊరిది. 1935 సెప్టెంబరులో యూదుల పౌరసత్వమును ఊడబెరికిన శాసనములు ఇచటనే ప్రకటింపబడినవి. 1945 నవంబరు 20 మొదలు 1946 అక్టోబరు 1 వరకు ఆ పాలకులలో ప్రముఖులను బోనులో నిలిపి విచారించినదియు ఈ యూరి న్యాయస్థానముననే. పిమ్మట 1948 డిసెంబరు 10న పారిసు నగరమున ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఈ ప్రకటనను ఆమోదించెను. అనుకూలముగా 48 రాజ్యములు వోటు చేసినవి, 8 తటస్థముగా నున్నవి, కాదన్న రాజ్యము లేదు. మొదటి అధికరణములో 'పురుషులందరు' అనియు అర్థమిచ్చు ఇంగ్లీషు మాటను తీయించి 'మానవులందరు' అను అర్థము వచ్చునట్లు మార్పించినది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. ఈ సంగతి చెప్పగా మా శ్రీమతి వెనుకకు పోయి ఆ స్తంభమును మరియొకమారు చూచి వచ్చెను.

ప్రకటనకు తెలుగు అనువాదము కలదు. దానిని కాగితములపై అచ్చువేయించుకొని పోయియుంటిమి. మనుమడు స్తంభము కడకు పరుగెత్తి జర్మనులో సంఖ్యను చదివి కేకవేయును. మేము కాగితము చూచి ఆ అధికరణమును తెలుగున వినిపింతుము. ఇదియే ఆట. 16వ దానియొద్ద, వివాహమునకు ఇరువురి స్వేచ్ఛా సమ్మతియు ఉండవలెనని చదువగా, "నన్నెవరడిగారండీ?" అని మా శ్రీమతి నవ్వెను. 24వది విశ్రాంతిని, పనిగంటల పరిమితిని, జీతముతోడి సెలవును హక్కుగా చెప్పుచున్నది. ఆర్జిత సెలవు అర్జీలు ఎన్నియో వ్రాసిన చేయి గనుక దానియొద్ద కొంచెము ఎక్కువసేపు నిలిచితిమి.

మనుమడు లెక్కపెట్టి స్తంభములు 27 మాత్రమే యనెను. అధికరణములు 30 గదా! మిగిలిన మూడింటిని వెదకితిమి. రెండు స్తంభములు నేలలో పాతబడి, గుండ్రని పలకలు మాత్రమే పైకి కనబడుచున్నవి. వాడు వానిమీద గెంతెను. మూడవది స్తంభమే కాదు, స్తంభమువలె నిటారుగా పెరుగు ఓక్ చెట్టు.

"మన తెలుగు ఏ స్తంభం మీద ఉంది తాతయ్యా?" అని వాడడిగెను. లేదంటిమి. వాడు వీథి ఈ కొననుండి ఆ కొనకు చూచి, "చెట్టు మీద ఏ భాషా రాసి లేదుగా, అది మనం తీసుకుందాం" అనెను.

వానికది ఆట. మాకు మాత్రము ఆ ప్రశ్న అంతటితో పోలేదు. భాషాభేదమువలన ఎవరి హక్కులకును లోటు రారాదని 2వ అధికరణము చెప్పును. బిడ్డలకు ఎట్టి విద్య కావలెనో ఎంచుకొనుటలో తల్లిదండ్రులదే ముందు హక్కని 26వది చెప్పును. కాని ఒక రాజ్యమున కొలదిమందిగా నుండువారు తమ భాషను నిలుపుకొనుటకని వేరుగా ఒక్క అధికరణమును లేదు. ఇది మరచి విడిచినది కాదు, చర్చించి విడిచినది. ప్రకటనను ఆమోదించిన నాడే సభవారు అల్పసంఖ్యాకుల గతిని గూర్చి ప్రత్యేక తీర్మానము చేసి, వారియెడ ఉదాసీనముగా నుండజాలమనుచునే, దేశమునకొక తీరున నుండు ఈ చిక్కునకు ఒకే పరిష్కారము కుదుర్చుట కష్టమని పలికిరి. కచేరీ భాషలో చెప్పవలెనన్న ఫైలు పరిశీలనలో నుంచిరి. 1966లో వెలువడిన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలోని 27వ అధికరణమున గాని ఆ మాట పడలేదు. ఇందు మన రాజ్యాంగమే ముందు నడచినది. 29వ అధికరణము 1950 నుండియు కలదు. 1956లో 350ఎ చేర్చి, అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు తగిన వసతులు కల్పింప యత్నించుట రాష్ట్రముల విధిగా చేసిరి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడి మా బరంపురము మద్రాసు రాజధానినుండి అందులోనికి పోయినపుడు మా పెద్దలెవ్వరును ఇల్లు కదలలేదు, సరిహద్దే కదలినది. అట్టివారి బిడ్డలకే గదా పై అధికరణములు! మా చిన్ననాట మా పేట పాఠశాలలో తెలుగు తరగతియందు కూర్చుండ చోటు చాలకుండెడిది. నేడా తరగతి లేదు. తీసివేయుమన్న ఉత్తరువేదియు రాలేదు. ఏటేట హాజరుపట్టీలో పేర్లు తగ్గినవి. పంతులుగారు పదవి విరమించిరి. ఆ స్థానమునకు మరియొకరు రాలేదు. ఇందుకు ప్రభుత్వమునొక్కదానినే నిందించు మిత్రులు మాకు కలరు. వారితో మేమేకీభవింపలేము. ఇంగ్లీషు బడి బండి వాకిటికి వచ్చి నిలుచుచుండగా, తెలుగు తరగతి కావలెనని అర్జీ పట్టుకొని పోవు ఇండ్లు మా వీథిలో ఎన్ని? అడుగువారు లేని హక్కు ఏ కచేరీలోను ఫైలుగా తెరువబడదు. ఇది మేము చూచి యెరిగిన సంగతి.

మా మనుమడు తెలుగు చక్కగా మాటలాడును, చదువనేరడు. తిరుగు రైలులో మా చేతి కాగితములు తీసికొని, "ఇవన్నీ జాంగ్రీల్లా ఉన్నాయి తాతయ్యా, దీంట్లో చెట్టు అనే మాట ఎక్కడుంది?" అని వెదకెను. ప్రకటనలో చెట్టు లేదు గనుక కాగితము వెనుక వ్రాసి చూపితిమి. వాడు దాని క్రింద నాలుగు మారులు వ్రాసెను. టవత్తు రెండింటికే వచ్చినది.

మేము బరంపురము తిరిగి వచ్చిన పిమ్మట ఆదివారము ఆదివారము ఫోనులో గుణింతములు, వత్తులు అయినవి. ఇపుడు ఆ కాగితములనే చదువుచున్నాడు, ఒక్కొక్క అధికరణమునకు రెండేసి మూడేసి వారములు పట్టుచున్నవి. ఏడవ దానికి వచ్చినాడు. 'స్వాతంత్ర్యము' అను మాటయొద్ద మాత్రము ప్రతిసారియు ఆగి, ఇన్ని వత్తులెందుకని మమ్ము గద్దించును.