సూది, సొరపాదు, మా అక్క చదువు

 

"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అని ఒక సామెత ఉన్నది. దగ్గర ఉన్నదానికి విలువ ఇవ్వరని దాని అర్థం. తెలుగు సారు ఈ సామెత చెప్పిన రోజు నాకు మా పెరడు గుర్తుకొచ్చింది. మా పెరట్ల మందుకు పనికిరాని చెట్టు లేదు. కూరకు పనికిరానిది అసలే లేదు. అందుకే ఈసారి గోడపత్రికకు కథ కాకుండా మా ఇంటి సంగతి రాస్తున్నాను. చివరిదాకా చదవండి. మొదట తిండి, బట్ట ముచ్చట ఉంటుంది, అసలు ముచ్చట తర్వాత వస్తుంది.

మాది తిర్యాణి దిక్కు ఒక చిన్న గూడెం. ముందు ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా. మేము నాయకపోళ్లం. ఇంట్లో తెలుగే మాట్లాడుతాం. మూడెకరాల చేను ఉన్నది, అందులో అంతా పత్తే. మా తాత కాలంలో జొన్న, కంది, పెసర, నువ్వులు కలిపి వేసేవారట. "అప్పుడు ఉప్పుకు, గుడ్డకే అంగడికి పోతుంటిమి. ఇప్పుడు పచ్చి మిరపకాయకు గూడ పోవట్టె" అని బాపమ్మ అంటది.

బాపమ్మ మాటలో నిజం ఉన్నది. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి ఇచ్చారు. ఆ విత్తనం ఏటా కొనాల్సిందే. 2025లో ఒక్క పాకెట్ ధర 901 రూపాయలు. పత్తి అమ్మితే పైసలు వస్తాయి, కాదనను. కానీ ఆ పైసలు విత్తనానికి, ఎరువుకు, మందుకు పోగా మిగిలినవి చేతికి వచ్చేది ఏడాదికి ఒక్కసారే. ఆకలి మాత్రం రోజుకు మూడుసార్లు వస్తుంది. పత్తి తినలేము కదా!

అందుకని ఇంటి వెనుక పెరడు. పొడవు ఇరవై అడుగులు, వెడల్పు పది అడుగులు కూడా ఉండదు. చుట్టూ ముళ్లకంప. బోరింగు నీళ్లు దానికి ఒక్క బిందె కూడా పోయము. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు, కాళ్లు కడుక్కున్న నీళ్లు చిన్న కాలువ తీస్తే అవే పోతాయి. తొలకరికి పుంటికూర, తోటకూర, బెండ, చిక్కుడు పెడుతాము. సొరపాదు, బీరపాదు ఇంటి కప్పు మీదికి పాకిస్తాము. పురుగు పడితే పొద్దున్నే మంచు తడి మీద పొయ్యిల బూడిద చల్లుతుంది బాపమ్మ. అది సరిపోకపోతే వేపగింజలు దంచి రాత్రంతా నానబెట్టి, వడగట్టి ఆ నీళ్లు కొడుతాము.

విత్తనం సంగతి వినండి. మొదటి కాపులో బాగా కాసిన ఒక సొరకాయను బాపమ్మ ఎవ్వరినీ ముట్టనియ్యదు. దానికి గుడ్డ పీలిక కడుతుంది. అది తీగకే ముదిరి ఎండాలె. ఊపితే లోపల గింజలు గలగలమనాలె. అప్పుడు తెంపి, గింజలు తీసి, బూడిదలో కలిపి కుండలో పెడుతుంది. ఒక్క కాయ గింజలు మా ఇంటికే కాదు, మా వాడకట్టుకంతా సరిపోతాయి. పాకెట్ మీద ధర ఉంటుంది గానీ కుండ మీద ధర ఉండదు. అడిగినోళ్లకు ఇస్తాము, మాకు లేనినాడు వాళ్లిస్తారు.

ఇది మా బాపమ్మ ఒక్కతే చేసే పని కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని ఒక సంస్థ ఉన్నది. అందులోని సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత రైతులు, జొన్న, కొర్ర, సామ విత్తనాలను ఇట్లనే వెదురు బుట్టల్లో బూడిద, వేపాకు వేసి దాచుకుంటారు. వాళ్లకు 2019లో ఐక్యరాజ్య సమితి సంస్థ నుంచి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరిపారు. మన జొన్న గట్కకు ఇప్పుడు పట్నంలో గిరాకీ ఉన్నది. మనమేమో మెస్సులో జొన్న రొట్టె పెట్టిన రోజు మూతి తిప్పుతాము!

ఇక వంట. వానకాలంలో ఎక్కువ కాసినవి పారేయము. వంకాయ, టమాట, కాకర ముక్కలు కోసి ఎండబెట్టి ఒరుగులు చేస్తారు. పుంటికూర కూడా ఎండబెడుతారు. ఎండకాలంలో అంగట్ల కూరగాయలు పిరమైనప్పుడు అవే కూర. మార్చి, ఏప్రిల్‌లో తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరుతాము. ఎండిన ఇప్పపువ్వును వేయించి, నువ్వులు, బెల్లం కలిపి దంచితే ముద్దలు చేసుకోవచ్చు. ఇప్పపువ్వు అంటే సారాయే అనుకునేవాళ్లు ఉన్నారు. ఉట్నూరులో భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం వాళ్లు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. రక్తం తక్కువ ఉన్న పిల్లలకు మంచిదని ఆశ్రమ పాఠశాలలకు కూడా ఇచ్చారు.

తిండి ముచ్చట అయింది, ఇప్పుడు బట్ట ముచ్చట. మా వారం అంగట్ల ఒక మూలకు పాత బట్టల కుప్ప పోస్తారు. అంగీ, ప్యాంటు ఏదైనా తక్కువ ధరకే దొరుకుతుంది. కానీ చూసి కొనాలె. అవ్వ నాకు నేర్పినవి మీకు చెప్తాను.

ఒకటి, గుడ్డను ఎండకు ఎత్తి పట్టాలె. జల్లెడ లెక్క వెలుతురు కనబడితే అది అరిగిపోయిన గుడ్డ, వద్దు.

రెండు, చంకల కింద, మెడపట్టీ మీద చూడాలె. ముందు చిరిగేది అక్కడే.

మూడు, ప్యాంటు కింద లోపలి మడత ఎంతుందో చూడాలె. రెండు వేళ్ల మడత ఉంటే వచ్చే ఏడు విప్పి పొడుగు చేసుకోవచ్చు.

నాలుగు, గుండీలు లేకున్నా, కుట్టు పిగిలినా భయపడొద్దు. అవి సూదితో అయ్యే పనులు. వాటిని చూపించి ధర తగ్గించమని అడగాలె.

ఇక తొడుక్కోరానంత చిరిగినవి బొంతకు పోతాయి. కింద ఒక పాత చీర, మీద ఒక పాత చీర, నడుమ లుంగీ ముక్కలు, అంగీ ముక్కలు పరిచి, అంచు నుంచి మొదలుపెట్టి వరుసగా కుట్టుకుంటూ లోపలికి రావాలె. మన దగ్గరే కాదు, కర్ణాటకలో సిద్దీలు అనే గిరిజనులు ఇట్లనే పాత గుడ్డలతో 'కవంది' కుడుతారు. బెంగాల్‌లో దీన్ని 'కాంతా' అంటారు. జపాన్ దేశంలో ఉత్తరాన చలి ఎక్కువ, పత్తి పండదు. అక్కడి పేద రైతులు అతుకు మీద అతుకు వేసుకున్న బట్టలను 'బోరో' అంటారు. ఒకప్పుడు సిగ్గుపడి దాచుకున్న ఆ బట్టలను ఇప్పుడు మ్యూజియంలలో అద్దాల వెనుక పెట్టి చూపిస్తున్నారు. మనం ఆ అద్దాలు లేకుండానే కప్పుకుంటున్నాము!

మూడో నంబరు రూంలో కిటికీ పక్క మంచం మీద ఉండే బొంత నాది. మీరంతా చూసే ఉంటారు. అందులో ఎర్రది బాపమ్మ చీర. గళ్లది బాపు లుంగీ. నడుమ నీలం రంగు ముక్కలు నాలుగున్నాయి. అవి మా అక్క బడి యూనిఫాం. అక్క ఎనిమిదో తరగతిలో ఉండగా అవ్వ చేనులో జారిపడి కాలు విరిగింది. ఇంట్లో పనికి మనిషి కావాలె. అక్క బడి మానింది. మానిన ఏడాదికి ఆ యూనిఫాం బొంతలోకి వచ్చింది.

మిత్రులారా, అసలు ముచ్చట ఇదే. పెరడు, ఒరుగులు, అతుకులు, బొంత ఇవన్నీ పైసలు మిగిలిస్తాయి. కానీ ఊరికే మిగిల్చవు. పైసల బదులు ఎవరిదో ఒకరి పొద్దు ఖర్చవుతుంది. ఇంటి కూర అగ్గువ అంటాము. దాని వెనుక నీళ్లు మోసినది ఎవరు, గింజలు దాచినది ఎవరు, దంచినది ఎవరు అని లెక్క రాయము.

పోయిన వేసవి సెలవుల్లో నేను ఒక లెక్క రాసిన. ఒక రోజు పొద్దు పొడవక ముందు నుంచి పండుకునేదాకా ఇంట్ల ఎవరు ఒక పని చేస్తే వాళ్ల పేరు కింద గోడకు బొగ్గుతో ఒక గీత. రాత్రికి చూస్తే అక్కకు ఇరవై ఏడు గీతలు, బాపమ్మకు పన్నెండు, అవ్వకు తొమ్మిది. అవ్వ కుంటుకుంటనే చేస్తది. బాపు చేను నుంచి వచ్చిన తర్వాత రెండు. నాకు మూడు, తమ్మునికి ఒకటి. ఆ ఒకటి గూడ కోడిని తోలినందుకే!

బాపు దీపం పట్టుకుని ఆ గోడ చూసిండు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తెల్లారి లేచి, రాత్రి గిన్నెలు ముందట వేసుకుని తోముతున్నడు. పక్కింటి మామ చూసి నవ్విండు. "ఏం బావా, ఆడపని మొదలుపెట్టినవ్?" అన్నడు. బాపు తలెత్తకుండనే, "అంగట్ల హోటల్ల గిన్నెలు కడిగేటోడు మొగోడే గదా. ఆడ కూలి ఇస్తరు గాబట్టి మొగపనైంది" అన్నడు. మామ ఇంకేం మాట్లాడలేదు.

అప్పటి నుంచి పనులు పంచుకున్నాము. పెరడు, సూది పని నావి. ఆకుకూర తెంపి ఏరుడు తమ్మునిది. నీళ్లు, గిన్నెలు బాపువి. బడి తెరిచి నేను ఇక్కడికి వచ్చినంక పెరడు తమ్మునికి వచ్చింది. వానకాలంలో దాదాపు మూడు నెలలు మేము అంగట్ల ఆకుకూర, సొర, బీర, బెండ కొనలేదు. వారానికి నూరు రూపాయల దాకా మిగిలింది. అవి బాపమ్మ గింజల కుండ పక్కన ఇంకో చిన్న కుండలో వేసింది. ఆ పైసలతో అక్కకు ఓపెన్ స్కూల్ పదో తరగతి ఫీజు కట్టిండు బాపు.

పైసలు ఒక్కటే అయితే చాలకపోయేది. చదువుకు పొద్దు కావాలె. ఇప్పుడు మాపటికి రెండు గంటలు అక్కవి. ఆ రెండు గంటలు అక్కను ఎవరూ పిలవరు. పోయిన నెల ఇంటికి పోయినప్పుడు, అక్క నా లెక్కల నోటుబుక్కు తీసుకుని, "తమ్మీ, గీ వర్గ సమీకరణం నాకు సమజ్ కాలే. ఇంకోసారి చెప్పు" అన్నది. నేను, అక్క ఇద్దరం ఒక్కసారే పదో తరగతి పరీక్షలకు చదువుతున్నాము. ఎవరికి ఎక్కువ మార్కులు వస్తాయో నేను ఇప్పుడే చెప్పలేను. అక్క మాత్రం చెప్తున్నది.

ఇక మన హాస్టల్ సంగతి. వార్డెన్ సారూ, మా విన్నపాలు మూడు.

మొదటిది: మెస్సు వెనుక చేతులు కడుక్కునే నల్లాల దగ్గర నీళ్లు నిలిచి బురద అవుతున్నది, దోమలు వస్తున్నాయి. అక్కడ కాలువ తీసి పుంటికూర, బచ్చలి, రెండు మునగ చెట్లు పెట్టడానికి అనుమతి ఇవ్వండి. విత్తనాలు నేను ఇంటి నుంచి తెస్తాను.

రెండవది: రూంకు ఒక డబ్బా. అందులో రెండు సూదులు, తెల్ల దారం, నీలం దారం, ఊడిపోయిన గుండీలు. మన యూనిఫాం గుడ్డ సిరిసిల్ల మరమగ్గాల మీద నేస్తారు. అది మన పాత కరీంనగర్ జిల్లానే. ఒక నేత కార్మికుడు రాత్రి, పగలు నిలబడి నేసిన గుడ్డను ఒక్క గుండీ ఊడిందని పారేయడం న్యాయం కాదు.

మూడవది మిత్రులకు. సూది పట్టినోణ్ణి "ఆడోడు" అని వెక్కిరించొద్దు. మనం ఇంటర్మీడియట్‌కు మంచిర్యాలకో కరీంనగర్‌కో పోతే, రూములో వండి పెట్టే అక్క ఉండదు. ఉండకూడదు కూడా. ఆ అక్క తన చదువు తాను చదువుకోవాలె.

గోడ మీద స్థలం అయిపోయింది. వచ్చే ఆదివారం స్నానాలు అయినంక వేపచెట్టు కింద కూచుంటాను. తుర్పాయి, కాజా, మాసిక వేయడం నాకు వచ్చినంత నేర్పుతాను. ఎవరి చిరిగిన అంగీ వాళ్లే తెచ్చుకోండి. నేను కుట్టి ఇయ్యను, మీతోనే కుట్టిస్తాను.

— 10వ తరగతి విద్యార్థి, మూడో నంబరు రూం