చెట్టు మీది కూరమడి

మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చేసరికి మా పడమటి ప్రకాశంలో నేల చేతులెత్తేస్తుంది. ఆశ్వయుజ, కార్తీకాల్లో పడ్డ వానల తడి అప్పటికే ఆరిపోయి ఉంటుంది. మార్కాపురం నుంచి కంభం మీదుగా గిద్దలూరు దాకా బస్సులో వెళ్తే కంది మోళ్లు, పత్తి కట్టె, వాటి వెనక బూడిదరంగు నల్లమల. వానాకాలంలో చేలల్లో మొలిచిన దొగ్గలికూర, చెంచలికూర, గలిజేరు ఎండి దుమ్ములో కలిసిపోతాయి. గంగపాయల కూర కావాలంటే ఏ బోరు కాలువ పక్కనో వెతుక్కోవాలి. చలిదేశాల్లో మంచు కరగ్గానే జనం వంగి నేల మీది లేతాకు కోసుకుంటారట. మా దగ్గర వసంతం వస్తే తల పైకెత్తాలి. ఆ రెండు నెలలూ మా కూరమడి చెట్టు మీద ఉంటుంది.

చింత, వేప, ఇప్ప, మునగ ఏటి వానను నమ్ముకుని బతికేవి కావు. ఎప్పుడో పడ్డ వాన భూమిలోకి ఎంత లోతుకు దిగిందో వాటి వేళ్లూ అంత లోతుకు వెళ్లి తాగుతాయి. చుట్టూ అంతా ఎండుతున్నప్పుడు పాత ఆకు రాల్చి పువ్వో చిగురో తొడుగుతాయి. వీటి కోసం ఎవరూ దున్నలేదు, ఎవరూ తడి పెట్టలేదు. మనిషి చేయాల్సిందల్లా నరక్కుండా ఉండటమే.

చింతపండు రాల్చుకున్న కొద్దిరోజులకే చింతచిగురు మొదలవుతుంది. రాగిరంగు మీద మెరుస్తున్నప్పుడే కోయాలి, ఆకుపచ్చ ముదిరితే పీచు. చూపుడువేలూ బొటనవేలూ కలిపి కొస గిల్లితే టక్కున తెగాలి. తెగకుండా సాగిందంటే ఆ రెమ్మను వదిలెయ్యాలి. మా ఊళ్లో ఒక పెద్దావిడ కింద నిలబడి చెట్టెక్కిన పిల్లలకు చెప్పేది: "కొస గిల్లు నాయనా, కొమ్మ విరవమాక. రేపు మళ్లీ మనమే రావాల." తెచ్చిన చిగురును చేటలో పోసి అరచేతులతో మెల్లగా నలిపితే ఆకు పొడిగా రాలి పుల్లలు విడిపోతాయి. ఉడికిన కందిపప్పులో ఈ చిగురు, పచ్చిమిర్చి, ఉప్పు వేసి మగ్గనిచ్చి పప్పుగుత్తితో ఎనిపి, తెల్లగడ్డ తాలింపు పెడితే జొన్నరొట్టెకు ఇంకో కూర అక్కర్లేదు. మిగిలింది నీడలో ఆరబెట్టి దాచుకుంటే వేటమాంసంలోకి పనికొస్తుంది.

వేపపువ్వు కోసేది కాదు, రాలేది. చెట్టు కింద పాత చీర పరిచి ఉంచి, పొద్దున్నే చెరిగి ఎండబెట్టుకుంటారు. ఉగాది పచ్చడికి పిడికెడు చాలు, మిగతాదంతా చారుకి. సంక్రాంతికి మొదలైన రేగుపండ్లు అప్పటికి చివరికొస్తాయి. మెత్తబడ్డ వాటిని ఉప్పు, కారం, బెల్లంతో దంచి వడియాలు పెడతారు. గట్ల మీది సీమచింతకాయలు మాత్రం బడిపిల్లల వాటా.

అడవిలో వాటా అక్కడి ఆదివాసులైన చెంచులది. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. వెలుగు రాకముందే చెట్టు కిందికి చేరాలి, లేకపోతే ఎలుగుబంటి చేరుతుంది. పువ్వు కనిపించాలని కింది ఆకుకు నిప్పు పెడితే నల్లమల తగలబడుతుంది. ఊడ్చుకుని ఏరుకోవడమే మేలు. 2006 అటవీ హక్కుల చట్టం ఈ చిన్న ఫలసాయం మీద అడవిబిడ్డల హక్కును రాసి ఇచ్చింది. కాబట్టి పట్నం నుంచి సరదాగా వెళ్లే మనం పులుల అభయారణ్యంలోకి సంచి పట్టుకుని దిగకూడదు. మనకు ఊరి గట్టు చాలు.

తెలిసినవారు పక్కన లేకుండా ఏదీ నోట్లో పెట్టుకోకూడదు కూడా. నల్లమలలో చిల్లచెట్టూ ముష్టిచెట్టూ అన్నదమ్ముల్లాంటివి, ఒకే ప్రజాతివి. చిల్లగింజ అరగదీసి కడవలో కలిపితే బురద అడుక్కి దిగి నీళ్లు తేటపడతాయి. ముష్టిగింజలో ప్రాణం తీసే విషం ఉంది. ఏది చిల్లో ఏది ముష్టో పుస్తకం చదివి తెలుసుకునే లోపు, చెంచు గూడెంలో పదేళ్ల పిల్ల చూడగానే చెప్తుంది. చెట్టుతోపాటు నిలుపుకోవాల్సింది ఈ చదువును.

చింతను నిలుపుకోవడానికి ఇంకో కారణమూ ఉంది. మార్కాపురం, కనిగిరి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్లు గారపట్టి ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగాం. చింతపండు తిన్నవారి మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో రాశారు. మంచినీళ్లకు బదులు చింతపండు అని ఎవరూ అనరు, అనకూడదు. కానీ ఇలాంటి నీళ్లున్న సీమలో పులుపు ఇచ్చే చెట్టును ఊరికే కొట్టెయ్యడానికి మనసెలా వస్తుంది?

కొట్టేస్తున్నాం. రోడ్డు వెడల్పుకని కొన్ని, గట్టు సరిచెయ్యాలని కొన్ని, కట్టెకు ధర పలికిందని కొన్ని. చేలల్లో కలుపుమందు కొట్టి వానాకాలపు ఆకుకూరల్ని ఇప్పటికే చాలావరకు పోగొట్టుకున్నాం. ఎండాకాలపు కూర కూడా పోతే పేదింటి పప్పులోకి మిగిలేది ఉప్పూ కారమే. బతికుంటే బలుసాకు తినొచ్చని పెద్దలు అన్న మాట, బలుసు పొదలు మిగిలి ఉంటేనే నిజమవుతుంది. ఒక చింతను తియ్యక తప్పకపోతే ఆ వానాకాలంలోనే గట్టు మీద రెండు గింజలు పూడ్చి ముళ్లకంచె వెయ్యాలి. కాపుకు ఎనిమిది పదేళ్లు పట్టొచ్చు. ఈ ఏడు బడిలో చేరిన పిల్లలకు అది సరిగ్గా అందొచ్చే వయసు.