సెకండ్ల ముల్లు

"ఈ వయసులో నర్సు కోర్సా! ఇన్నేళ్లు అమెరికాలో ఉండి చివరికి బెడ్‌పాన్‌లు తియ్యడానికా?" అంది మా మేనత్త. పెద్దది, అననీలే అని ఊరుకున్నాను గాని ఆ పూట నాకు అన్నం సయించలేదు. కిందటేడు ఆవిడకు తుంటి విరిగినప్పుడు ఆ పాన్‌లు తీసిందెవరు? కొడుకులా, కోడళ్లా? ఖమ్మం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఓ పాతికేళ్ల పిల్ల. రాత్రి రెండింటికి బెల్లు కొట్టినా "వస్తున్నా అమ్మమ్మా" అంటూ వచ్చేది. ఇంటికి పంపించే రోజున డాక్టరుగారికి శాలువా కప్పారు, మిఠాయి డబ్బా ఇచ్చారు, ఫొటోలు దిగారు. ఆ పిల్ల పేరేమిటని నేనడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు.

కోర్సులో చేరింది మా చెల్లెలు. మారేడ్‌పల్లిలో బీకాం చదివి, సరోజినీదేవి రోడ్డులో ఒక ఆఫీసులో కొన్నాళ్లు లెక్కలు రాసి, పెళ్లి చేసుకుని టెక్సస్ వెళ్లింది. హెచ్-4 వీసా సంగతి సికింద్రాబాద్ వాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఉండొచ్చు, వండొచ్చు, కారు నడపొచ్చు, జీతం మాత్రం తీసుకోకూడదు. 2015 మే నుంచి కొందరికి సడలించారు గాని, అదీ మొగుడిగారి గ్రీన్‌కార్డు కాగితం ఒక మెట్టెక్కాకే. చదువుకుంటానంటే మాత్రం ఆ వీసా అడ్డు చెప్పదు. పిల్లలు పెద్ద కాలేజీలకు వెళ్లిపోయాక ఇల్లు బావురుమంటుంటే, తనూ కాలేజీకి దరఖాస్తు పెట్టుకుంది.

అక్కడ ఇంకో డిగ్రీ చేతిలో ఉన్నవాళ్లకు నర్సింగ్ బీఎస్సీని ఏడాదికీ ఏడాదిన్నరకీ కుదించి చెప్పే పద్ధతి ఉంది. 1971లో సెయింట్ లూయీ విశ్వవిద్యాలయంలో మొదలైంది, తరవాత దేశమంతా పాకింది. కుదించారంటే తేలిక చేశారని కాదు. సెలవులు కోసేశారు, అంతే. అసలు చేరకముందే అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ విడివిడిగా పూర్తి చేసుకురావాలి. మన మూడేళ్ల బీకాంను పూర్తి డిగ్రీగా లెక్కపెట్టని చోట్లూ ఉన్నాయి. ఇదంతా దాటాక చివర్లో ఎన్‌క్లెక్స్ పరీక్ష. మనం చెప్పిన జవాబును బట్టి కంప్యూటరు తరవాతి ప్రశ్న ఎంచుకుంటుందట. 85 ప్రశ్నలకు తగ్గదు, 150 దాటదు. మధ్యలో ఎక్కడ ఆగితే పాసో ఎక్కడ ఆగితే ఫెయిలో కూర్చున్నవాళ్లకు తెలీదు. నలభై దాటిన మనిషికి ఇదేం ఖర్మ అని నేనూ అన్నాను, కాకపోతే ముద్దుగా అన్నాను. "ఖర్మేముంది అక్కా, రోగికి లోపలికెంత పోయింది, బయటికెంత వచ్చింది, రోజూ చార్టులో రాసి తేడా చూడాలి. నేను ఆఫీసులో రాసిన లెడ్జరే ఇది" అని నవ్వింది.

సరే, అసలు సంగతి. వెంట తెచ్చుకోవలసిన వస్తువుల జాబితా ఒకటి పంపారట కాలేజీ వాళ్లు. స్టెతస్కోపు, బూట్లు, సెకండ్ల ముల్లున్న చేతిగడియారం. చెల్లెలు ఫోన్ చేసి, "నాన్న హెచ్ఎంటీ ఇంకా ఉందా?" అనడిగింది.

ఇక నన్నెవరాపుతారు!

మా నాన్న దక్షిణ మధ్య రైల్వేలో గూడ్స్ గార్డు. మెట్టుగూడ క్వార్టర్సులో మా ఇంట్లో దేవుడి పటాలకు పువ్వులు తప్పిన రోజులున్నాయి గాని, ఆ గడియారానికి కీ తప్పిన రోజు లేదు. పొద్దున్న రేడియోలో ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు మొదలయ్యే ముందు పిప్ పిప్‌మని వచ్చే చప్పుడు కోసం, ముల్లు సరిచేసే గుండీ పైకి లాగి పట్టుకుని కూర్చునేవాడు. ఆఖరి పిప్‌తో గుండీ లోపలికి నొక్కేవాడు. మాకు అదే సుప్రభాతం. అది 'జనతా' మోడలు. హెచ్ఎంటీ వాళ్లు జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో గడియారాలు మొదలుపెట్టారు. 2016లో ఆ దుకాణం కట్టేశారు. దేశంలో ఒక తరం తరమంతా పెళ్లికి అల్లుడికీ, ఉద్యోగానికి కొడుక్కీ, రిటైరయితే నాన్నకీ అదే గడియారం పెట్టింది. మూసేసిన రోజున పేపర్లో అంగుళం వార్త.

బీరువాలోంచి తీస్తే ఆగిపోయి ఉంది. మహాత్మాగాంధీ రోడ్డుకు (మాకు ఇప్పటికీ జేమ్స్ స్ట్రీటే) పట్టుకెళ్తే, అద్దాల షాపులో కుర్రాడు వెనక మూత చూసి, "బ్యాటరీ ఎక్కడాంటీ?" అన్నాడు. బ్యాటరీ లేదు నాయనా, కీ ఇవ్వాలి అంటే, స్మార్ట్‌వాచీ చూపించాడు. అది గుండె కూడా కొలుస్తుందట. ఎవరి గుండె? పెట్టుకున్నవాళ్ల గుండె! నర్సుకు కావాల్సింది పేషెంటు గుండె. పైగా మణికట్టు కాస్త తిప్పితే దాని మొహం నల్లబడిపోతుంది. ఒక చేత్తో రోగి నాడి పట్టుకుని, రెండో చేతి మీద ఈ బిళ్లను లేపడానికి ముక్కుతో తట్టాలా? అంకెల గడియారాల సంగతీ అంతే. 27, 28, 29 అని అంకె మారుతుంటే కన్ను ఆ అంకెల్ని చదువుతుంది, బుర్ర నాడిని లెక్కపెడుతుంది, రెండు అంకెలూ కొట్టుకుని చివరికి ఏదీ మిగలదు. ముల్లయితే చదవక్కర్లేదు. ఆరు దగ్గర మొదలెట్టామా, పన్నెండు దగ్గరకొచ్చిందా, చాలు. 1707లోనే ఇంగ్లండులో జాన్ ఫ్లోయర్ అనే డాక్టరు, సరిగ్గా నిమిషం పరిగెత్తి ఆగే గడియారం చేయించుకుని, నాడిని గడియారంతో కొలవమని పుస్తకం రాశాడు. మూడువందల ఏళ్లు దాటిపోయింది. జేమ్స్ స్ట్రీట్ కుర్రాడికి ఇంకా కబురందలేదు.

చివరికి మోండా మార్కెట్ దగ్గర మెట్ల కింద బల్ల వేసుకుని కూర్చునే ఒక పెద్దాయన దొరికాడు. కంట్లో భూతద్దం ఇరికించుకుని మూత తీశాడు. "తేల్ సూఖ్ గయా అమ్మా, ఇంకేం కాలేదు" అన్నాడు. చీపురుపుల్లంత సన్నటి కడ్డీ చివర నూనెబొట్టు, కంటికి ఆనీ ఆననంత, చక్రం ఇరుసు దగ్గర పెట్టాడు. ఊదలేదు, తట్టలేదు. చిన్న చక్రం ఒకటి అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. ఆయన అడిగినదానికి నేను బేరమాడలేదు. జనరల్ బజారులో పుట్టి పెరిగినంత పనైన నేను బేరమాడలేదంటే మీరే అర్థం చేసుకోండి.

వస్తూ వస్తూ క్లాక్ టవర్ దగ్గర ఆగాను. 120 అడుగుల ఎత్తు, నాలుగు వైపులా నాలుగు మొహాలు, దానికీ సెకండ్ల ముల్లు లేదు. 1897 ఫిబ్రవరి ఒకటిన రెసిడెంటు దొర ప్లౌడెన్ ప్రారంభించాడు. అదే ఏడాది ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పురుగును కనిపెట్టాడు. వైద్యానికి సంబంధించి మా ఊరికున్న గొప్ప ఇదీ అని మా బళ్లో ఏటా చెప్పేవారు. రాస్ మైక్రోస్కోపులో చూస్తున్నంతసేపూ ఆ జ్వరం రోగులకు తడిగుడ్డ వేసి, గంజి తాగించి, చెమట తుడిచినవాళ్లెవరో ఏ శిలాఫలకం మీదా లేదు.

నేను నర్సును దగ్గర్నుంచి చూసింది లాలాగూడ రైల్వే ఆసుపత్రిలో. చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి పడుకున్నాను. ఒక మలయాళీ సిస్టర్ ఉండేది. నల్లగా, పొడుగ్గా, కొప్పులో ఒక్క పిన్ను కూడా బయటికి కనపడకుండా. తెల్లవారుజామున వచ్చి నా మణికట్టు మీద బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించేది. బొటనవేలు ఎప్పుడూ వాడేది కాదు. ఆ వేలికి దాని నాడి దానికుంటుంది, ఎవరిది ఎవరిదో తెలీకుండా పోతుందట. కళ్లు గడియారం మీద. అరనిమిషం అయ్యేది. చెయ్యి వదిలేది కాదు. ఇంకా అలాగే పట్టుకుని ఉండేది. నామీద ఎంత ప్రేమో అని మురిసిపోయేదాన్ని. మొన్న చెల్లెలు చెప్తే తెలిసింది అసలు కిటుకు. నాడి చూడడం అయిపోయాక కూడా చెయ్యి వదలకుండా, చూపు మాత్రం రోగి ఛాతీ మీదికి జరిపి, ఊపిరి లెక్కపెడతారట. ఊపిరి లెక్కపెడుతున్నారని రోగికి తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది. అందుకని ఇంకా నాడే చూస్తున్నట్టు నటిస్తారు. ఇప్పుడు వేలికి క్లిప్పు తగిలించి అంకె రాసుకుని వెళ్లిపోతున్నారు గాని, ఆ క్లిప్పు ఊపిరి లెక్కపెట్టదు. సెలైన్ బాటిల్ సంగతీ ముల్లుతోనే. మిషను లేని వార్డులో లీటరు సెలైను ఎనిమిది గంటల్లో ఎక్కాలంటే, మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్టయితే, నిమిషానికి 42 చుక్కలు పడాలి. గొట్టం మీది చక్రం తిప్పుతూ, ముల్లు చూస్తూ, చుక్కలు లెక్కపెడుతూ నిలబడాలి. మేనత్తగారి భాషలో ఇది పాన్‌లు తియ్యడం.

ఇదే కోరిక ఇక్కడే, సీతాఫల్‌మండిలోనో తార్నాకలోనో, ఓ నలభై దాటిన ఆడమనిషికి కలిగిందనుకోండి. నర్సింగ్ స్కూళ్లకు మనకు కరువు లేదు. జి.ఎన్.ఎం. కోర్సు మూడేళ్లు, ఇంటర్లో ఏ గ్రూపైనా పరవాలేదు, కాని వయసు 17కు తగ్గకూడదు, 35 దాటకూడదు. ఇది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. అప్పటికే ఏఎన్ఎం అయినవాళ్లకు మాత్రం ఆ పైహద్దు లేదు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, దానికి ఇంటర్లో సైన్సు ఉండాలి. బీకాం, ఎంకాం, బ్యాంకులో ఇరవయ్యేళ్ల సర్వీసు, ఇవేవీ ఆ నాలుగేళ్లలో నెలరోజులైనా తగ్గించవు. పోస్ట్ బేసిక్ రెండేళ్లే గాని అది అప్పటికే నర్సు అయినవాళ్లకు. మన పిల్లలు మందుల కంపెనీలోంచి సినిమాల్లోకి, సినిమాల్లోంచి రాజకీయాల్లోకి ఎప్పుడంటే అప్పుడు దూకొచ్చు. నర్సు కావాలన్నవాళ్లు మాత్రం 35 దాటకముందే తేల్చుకోవాలి.

చదువు కుదించి చెప్పే ఆలోచన మనకు లేకనా? దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఉండగా! ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారావిడకు. ఆ పెళ్లిని కాదని బయటికొచ్చి, జైళ్లకు వెళ్లొచ్చి, అప్పుడు బెనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చుంది. తరవాత బీఏ, ఆ తరవాత లా. తను ఆలస్యంగా చదివిన మనిషి కాబట్టి ఆలస్యమైనవాళ్ల బాధ తెలిసింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలై, 1958లో కండెన్స్‌డ్ కోర్సులు పెట్టించింది. బడి మానేసిన ఆడవాళ్లకు ఏళ్ల చదువును రెండేళ్లలో చెప్పి, టీచర్లుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా వెళ్లే దారి వేసింది. విధవరాళ్లు, మొగుళ్లు వదిలేసినవాళ్లు, ముప్పయ్యేళ్లకు మళ్లీ పలక పట్టుకున్నవాళ్లు. అమెరికాలో సెయింట్ లూయీ వాళ్లకంటే పదమూడేళ్లు ముందు. విద్యానగర్లో ఆవిడ పేరున ఆసుపత్రి ఉంది. దాని ముందు నుంచి రోజూ వేలమందిమి వెళ్తాం.

ఫ్లోరెన్స్ నైటింగేల్ మాత్రం? ఇంట్లో వాళ్లు ఏళ్ల తరబడి వద్దంటే, 31 ఏళ్లకు జర్మనీలో కైజర్స్‌వెర్త్‌కు వెళ్లి మూడు నెలలు నేర్చుకుంది. 34కు 38 మంది నర్సుల్ని వెంటబెట్టుకుని క్రిమియా యుద్ధానికి వెళ్లింది. ఇంకో ఐదేళ్లు అమ్మానాన్నల మాట విని ఆగి ఉంటే మన జి.ఎన్.ఎం.లో సీటొచ్చేది కాదు. ఆవిడ 200వ పుట్టినరోజని 2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల సంవత్సరం అంది. ఆ మార్చి 22న సాయంత్రం ఐదింటికి, కరోనా రోగుల్ని చూసే డాక్టర్లకూ నర్సులకూ జేజేలంటూ, మా వీధంతా డాబాలెక్కి పళ్లేలు మోగించింది. మేనత్త ఇత్తడి తాంబాళం పట్టుకొచ్చి గరిటెతో వాయించింది. గాంధీ ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఒకావిడ మా పక్క సందులో అద్దెకుండేది. నెల తిరక్కుండా, కరోనా తెస్తుందని, ఆవిడను ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. తాంబాళాలు వాయించినవాళ్లే.

ఈ కోపంలో గడియారం సంగతి పక్కకు పోయింది. నాన్న జనతాను చెల్లెలికి పంపించాను. రోజుకు రెండు మూడు నిమిషాలు వెనకబడుతోందట. నాడికి కావాల్సింది అరనిమిషమే కాబట్టి ఏ ఇబ్బందీ లేదంది.

మీ బీరువాల్లోనూ ఇలాంటివి ఉండే ఉంటాయి. నాన్నదో, తాతదో, కీ ఇస్తే నడిచేది, సెకండ్ల ముల్లున్నది. పాత సామానువాడికి వెయ్యకండి. మోండా మార్కెట్ మెట్ల కింద ఆ పెద్దాయన ఇంకా కూర్చుంటున్నాడు. నూనె వేయించి, మీ వీధి హాస్టల్లో ఏ జి.ఎన్.ఎం. పిల్లో ఉంటే పిలిచి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు పేరడగండి.