స్వర్ణ కమలాల్లో నా వరుస

పోయిన దసరా సెలవుల్లో మా చాళ్ పిల్లలు మెట్ల మీద కూర్చొని సినిమాల గురించి కొట్లాడుకుంటున్నారు. ఒకడు వసూళ్ల లెక్క చెప్తాడు, ఇంకొకడు ఫైటింగుల లెక్క చెప్తాడు. నేను పక్కనే చాటలో బియ్యం ఏరుకుంటున్నాను. ఊరుకోలేక, "ఏడాదికోసారి దేశం మొత్తంలో మంచి సినిమా ఏదో చూసి స్వర్ణ కమలం ఇస్తరు. అవేమన్న చూసిండ్రారా?" అన్నాను. "నువ్వు చూసినవా అత్తా?" అని ఎదురు ప్రశ్న వేశారు. ఆరు చూశాను. "అయితే నంబర్లు ఇయ్యి" అన్నారు. ఆ రోజు నోటితో చెప్పిన వరుసనే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. ఒక్క సినిమా దగ్గర మాత్రం పిల్లలకు చెప్పని మాట ఉంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నానేమో కూడా.

ముందు నా సంగతి. మాది షోలాపూర్ పూర్వభాగం. తాత కాలంలో మగ్గం వదిలి వచ్చి గిర్నీలో చేరినవాళ్లం. నాయిన సాంచా ఖాతాలో ముప్పై ఏళ్లు చేశాడు. అమ్మ బీడీలు చేసేది. నేను పదో తరగతి వరకు చదివి, బీడీలు చేసి, ఇప్పుడు తువ్వాళ్ల కార్ఖానాలో అంచులు కుడుతున్నాను. సినిమాల మీద నాకు పెద్ద చదువేమీ లేదు. ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో ఒక్కో భాష సినిమా వేసేవాళ్లు కదా, భాష రాకపోయినా పక్కింటి టీవీ ముందు కూర్చొని చూసేదాన్ని. అట్లా అంటుకున్న పిచ్చి. ఇప్పుడు కొడుకు ఫోన్‌లో పెట్టి ఇస్తాడు.

ఆరో నంబరు: శ్యామ్‌చీ ఆయీ. ఈ అవార్డుల్లో మొట్టమొదటిది ఇదే. 1953 సినిమా. అప్పుడు దీన్ని రాష్ట్రపతి బంగారు పతకం అనేవాళ్లు. సానే గురూజీ నాసిక్ జైల్లో ఉండి రాసిన పుస్తకాన్ని ఆచార్య అత్రే సినిమాగా తీశాడు. మరాఠీ బడిలో చదివినవాళ్లకు ఈ కథ వేరే చెప్పక్కర్లేదు. ఈత నేర్చుకోవడానికి భయపడి దాక్కున్న కొడుకును తల్లి బెత్తం పట్టుకొని కొట్టి పంపిస్తుంది. తర్వాత వాడి వీపు మీద వాతలు చూసి ఏడుస్తుంది. మా అమ్మ కూడా అంతే, కొట్టేదీ ఆమే, నూనె రాసేదీ ఆమే. మరి ఆఖరున ఎందుకు పెట్టానంటే, ఆ తల్లికి ఒక్క తప్పు కూడా లేదు. తప్పు లేని మనిషి దగ్గర నాకు కొంచెం బెరుకు.

అయిదో నంబరు: బాహుబలి మొదటి భాగం. ఇక్కడే పిల్లలు లేచి కేకలు వేశారు. 2015 సినిమాలకు ఇచ్చిన స్వర్ణ కమలం ఇది. ఉత్తమ చిత్రంగా ఈ పెద్ద అవార్డు తెలుగుకు రావడం అదే మొదటిసారి. "మరి శంకరాభరణం?" అని పెద్దవాళ్లు అడుగుతారు. దానికీ స్వర్ణ కమలం వచ్చింది గాని, అది జనం మెచ్చిన మంచి వినోద చిత్రం అనే వేరే విభాగంలో. ఇది అన్నిటికంటే పైది. రాజమౌళి సినిమాకు మా చాళ్ మొత్తం పోయింది. అరవై ఏళ్ల ముసలమ్మలు కూడా ఈలలు వేశారు. ప్రభాస్ శివలింగం ఎత్తింది అందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం మొదట్లో రమ్యకృష్ణ చెయ్యి గుర్తు. తను నీళ్లలో మునిగిపోతూ పసిబిడ్డను పైకెత్తి పట్టుకున్న చెయ్యి. ఆ ఒక్క చెయ్యి కోసం అయిదో నంబరు. మిగతా సినిమా అంతా రాజుల సంగతి. మనం అందులో ఎక్కడుంటామంటే, విగ్రహం నిలబెట్టడానికి తాళ్లు లాగుతున్న గుంపులో ఉంటాం.

నాలుగో నంబరు: కోర్ట్. 2014 మరాఠీ సినిమా. చైతన్య తామ్హణే తీశాడు. ముంబైలో మోరీలు కడిగే ఒక కార్మికుడు మ్యాన్‌హోల్‌లో చనిపోతాడు. నారాయణ్ కాంబ్లే అనే ముసలి లోకశాహిర్ పాడిన పాట విని ఆత్మహత్య చేసుకున్నాడని ఆ ముసలాయన మీద కేసు పెడతారు. చనిపోయినతని భార్య వచ్చి సాక్ష్యం చెప్తుంది. లోపల విషవాయువు ఉందో లేదో చూసుకోవడానికి అతను ముందు ఒక రాయి వేసేవాడట, బొద్దింక బయటికి వస్తే దిగేవాడట. ఆమె ఏడవదు. గొంతు పెంచదు. అడిగినదానికి జవాబు చెప్పి పోతుంది.

ఈ సినిమా నెమ్మదిగా ఉంటుందని మా అబ్బాయి సగంలో లేచిపోయాడు. నాకు నెమ్మది అనిపించలేదు. గిర్నీ మూతపడ్డాక రావాల్సిన పైసల కోసం నాయిన వెంట నేను ఎన్ని తారీఖులకు పోయానో నాకే లెక్క లేదు. పొద్దున్నే రొట్టెలు కట్టుకొని పోవడం, బెంచీ మీద కూర్చోవడం, పేరు పిలవడం, ఒక నిమిషంలో ఇంకో తారీఖు ఇవ్వడం. వకీలు చెడ్డవాడు కాదు, జడ్జి చెడ్డవాడు కాదు. ఈ సినిమాలో కూడా అంతే. సర్కారు వకీలమ్మ సాయంత్రం లోకల్ రైలెక్కి ఇంటికి పోయి అందరికీ వంట చేస్తుంది. చెడ్డవాడు ఎవడూ దొరకడు, మనిషి మాత్రం నలిగిపోతాడు.

మూడో నంబరు: శ్వాస్. శ్యామ్‌చీ ఆయీ తర్వాత మరాఠీకి మళ్లీ ఈ అవార్డు రావడానికి యాభై ఏళ్లు పట్టింది. 2003 సంవత్సరానికి వచ్చింది. సందీప్ సావంత్ తీశాడు. కొంకణ్ పల్లె నుంచి ఒక తాత మనవణ్ణి ఆసుపత్రికి తీసుకొస్తాడు. కంట్లో క్యాన్సర్. ఆపరేషన్ చేస్తే ప్రాణం నిలుస్తుంది, చూపు పోతుంది. ఆపరేషన్ ఆలస్యమైతే తాత ఎవరికీ చెప్పకుండా పిల్లవాణ్ణి ఆసుపత్రి నుంచి బయటికి తీసుకుపోతాడు. చూపు ఉండగానే చూడగలిగినన్ని చూపిద్దామని. డాక్టర్లు మండిపడతారు. నేను మాత్రం తాత పక్షం. పేదవాడి దగ్గర ఇవ్వడానికి ఒక్క రోజే ఉంటే ఆ రోజే ఇస్తాడు. అరుణ్ నలావడే తాతగా చేశాడు. ఆయన నడక అచ్చం గిర్నీ నుంచి వచ్చే ముసలివాళ్ల నడకే.

రెండో నంబరు: పథేర్ పాంచాలీ. సత్యజిత్ రాయ్, 1955. మొదటిసారి చూసినప్పుడు బెంగాలీ ఒక్క ముక్క అర్థం కాలేదు, కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదవడం రాదు. అయినా ఏడ్చాను. అక్క దుర్గ, తమ్ముడు అపు. రెల్లు పూల మధ్య నిలబడి రైలు చూస్తారు, అది అందరూ చెప్పుకునే సీను. నేను చెప్పేది వేరే. పక్కింటివాళ్ల పూసల దండ పోతుంది. దుర్గే దొంగతనం చేసిందని వాళ్లు ఇంటి మీదికొచ్చి లొల్లి చేస్తారు. తల్లి అవమానంతో దుర్గను జుట్టు పట్టి కొడుతుంది. దుర్గ తీయలేదనే అంటుంది. తర్వాత వానలో తడిసి, జ్వరమొచ్చి దుర్గ చచ్చిపోతుంది. ఊరు వదిలి పోయే ముందు సామాన్లు సర్దుతుంటే అటక మీద ఒక చిప్పలో అపుకు ఆ దండ దొరుకుతుంది. అక్క నిజంగానే తీసింది. వాడు ఎవరికీ చెప్పడు. పరుగెత్తి పోయి దండను చెరువులో పారేస్తాడు. నీళ్ల మీది నాచు ఒక్క క్షణం విడిపోయి మళ్లీ కలుసుకుంటుంది.

అంత చిన్న పిల్లవాడు అక్క పరువు కాపాడాడు. నేను మా నాయిన విషయంలో ఆ పని చేయలేదు.

మొదటి నంబరు: కాంచీవరం. 2007 తమిళ సినిమా, ప్రియదర్శన్ తీశాడు. ప్రకాశ్ రాజ్‌కు ఉత్తమ నటుడి అవార్డు కూడా ఇదే సినిమాకు వచ్చింది. కంచిలో పట్టు నేసేవాళ్లలో మన పద్మశాలీలూ ఉన్నారు కాబట్టి ఇది మన ఇంటి కథే అనుకోవచ్చు. వెంగడం అనే నేతగాడు. జీవితమంతా పట్టుచీరలు నేస్తాడు, ఇంట్లో ఒక్క చీర ఉండదు. కూతురు పుట్టినప్పుడు, దీని పెళ్లికి పట్టుచీర పెడతానని మాట ఇస్తాడు. కూలి డబ్బులతో అది అయ్యే పని కాదు. రోజూ పని దిగేటప్పుడు పట్టు పోగులు కొన్ని నోట్లో దాచుకొని, కాపలావాళ్లను దాటి ఇంటికొచ్చి, రాత్రిళ్లు రహస్యంగా నేస్తుంటాడు. యూనియన్ పెట్టి సమ్మె నడిపినవాడు కూడా ఇతనే. పోగులు దొరకాలంటే పనికి పోవాలి కాబట్టి, చివరికి ఆ సమ్మెను ఆపమనేదీ ఇతనే. దొరికిపోతాడు, జైలుకు పోతాడు. ఆ చీర పూర్తి కాదు. చివర్లో ఆ సగం బట్టను కూతురి శవం మీద కప్పుతాడు. మొహం కప్పితే కాళ్లు కనపడతాయి, కాళ్లు కప్పితే మొహం కనపడుతుంది.

ఇది నేను నాయినతో కలిసి టీవీలో చూశాను. అమ్మ పోయిన మరుసటి ఏడు. వెంగడం నోట్లో పోగులు పెట్టుకునే సీను రాగానే నాయిన లేచి పోయి బిందెలో నీళ్లు ముంచుకొని తాగాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. సినిమా అయిపోయేదాకా మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు మాట. 1984లో నేను ఏడో తరగతి. ఒక రోజు మూడు గంటలకు, భోంగా మోగకముందే, నాయిన ఇంటికొచ్చాడు. చేతిలో డబ్బా లేదు. గేటు దగ్గర తడిమినప్పుడు డబ్బాలో నూలు దొరికిందని ఎనిమిది రోజులు పని నుంచి దించారు. సాయంత్రానికి గల్లీ మొత్తం తెలిసింది. మోపెడు నూలు అన్నారు, ఎన్నో రోజుల నుంచి అమ్ముకుంటున్నాడన్నారు. నాయిన కల్లు కూడా ముట్టడు, అయినా తాగుడుకే అన్నారు. బడిలో నన్ను "సూత్ చోర్" అని పిలిచారు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఆ ఎనిమిది రోజులు రాత్రి ఒంటిగంట దాకా బీడీలు చేసింది. అంతకు ముందు రోజూ మధ్యాహ్నం నాయిన డబ్బా గేటు దాకా నేనే తీసుకుపోయేదాన్ని. ఆ తర్వాత ఒక్కరోజు కూడా పోలేదు. ఎందుకు పోవట్లేదని నాయిన అడగలేదు. ఆయన ఎందుకు తీశాడని నేనూ అడగలేదు. అట్లా పాతికేళ్లు ఒకే ఇంట్లో, ఒకే పళ్లెం పక్కన బతికాం.

ఆ రాత్రి సినిమా అయ్యాక లైటు తీసేశాను. చీకట్లో నాయిన అన్నాడు: "నువ్వు ఎర్ర దారం అడిగినవ్ గద బిడ్డా."

నాకు అర్థం కాలేదు. "ఎప్పుడు?" అన్నాను.

"బడిల పువ్వు కుట్టాలె, టీచరమ్మ కొడ్తది అని ఏడిస్తివి. పగార్ పదో తారీఖుకు గాని రాదు. మీ అమ్మ దగ్గర పావలా లేదు. సాంచా మీద ఎర్ర కండెలు ఆడుతున్నయ్. రెండు తీసి డబ్బల ఏసుకున్న."

అప్పుడు గుర్తొచ్చింది. తెల్ల బట్ట మీద పెన్సిల్‌తో గీసిన గులాబీ. ఆకుపచ్చ ఆకులు కుట్టాను, పువ్వు కుట్టలేదు. బడిలో పేరు పెట్టి పిలిచిన రోజు ఆ బట్టను పొయ్యిలో పడేశాను. అపు దండను పారేసింది అక్క మాట ఎవరూ అనకూడదని. నేను బట్టను కాల్చింది నాయిన మీద కోపంతో. అది నా కోసమే అని తెలియదు.

తప్పు తప్పు కాకుండా పోదు. నాయిన కూడా అట్లా అనలేదు. "తీసింది తీసిందే" అన్నాడు. నేను చీకట్లోనే లేచి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. కాళ్లు పిసికాను.

అందుకే కాంచీవరం మొదటి నంబరు. మిగతా అయిదింటిలో దానికంటే బాగా తీసినవి ఉండొచ్చు. పథేర్ పాంచాలీ ఎన్నిసార్లు చూసినా పాతబడదు. కాంచీవరం ఇంకోసారి చూడలేను. కాని ఒక సినిమా మా ఇంట్లో పాతికేళ్లు మూసి ఉన్న తలుపు తీసింది, దాన్ని రెండో నంబరులో ఎట్లా పెట్టను?

ఇది పత్రికకు పంపేముందు నాయినను అడిగాను. ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి. చూపు తగ్గింది, చెవులు బాగానే ఉన్నాయి. మొత్తం చదివి వినిపించాను. ముందు వరుస మీదనే పేచీ పెట్టాడు. "బాహుబలి అయిదో నంబరేంది? దాన్ని ఫస్టు పెట్టు. ఆ ఏడుపు సినిమా ఎవరు చూస్తరు?" అన్నాడు. నా వరుస నాది, మీ వరుస మీరు రాసి పంపండి అన్నాను. నవ్వాడు.

తర్వాత గేటు సంగతి దాకా వచ్చి ఆగాను. "ఇది తీసేయమంటే తీసేస్త నాయినా" అన్నాను. చాలాసేపు ఆలోచించాడు.

"ఉండనియ్యి. అప్పటోళ్లు ఇంకా కొందరున్నరు, చదువుతరు. కాని మోపు అని గల్లీల అన్నది ఒట్టిదే. రెండే కండెలు. అది మాత్రం సరిగ్గ రాయి" అన్నాడు.

రాశాను. రెండే కండెలు.