నాన్న కాలు, నలభై సిట్టింగులు

"ఒరే, నన్ను గాజుగొట్టంలో పడుకోబెట్టి తలుపేస్తారటరా!"

తెనాలి నుంచి నాన్న ఫోన్ చేసేసరికి నేను ఆఫీసులో రిలీజ్ హడావుడిలో ఉన్నాను. ఆయనకి ఇరవయ్యేళ్ళుగా షుగరు. ఎడమ పాదం కింద పుండు పడి నెలన్నరయినా మానలేదు. ఎవరో చెప్తే ఒక సెంటర్‌కి వెళ్ళారు. వాళ్ళు పుండు చూసీ చూడగానే "హైపర్‌బేరిక్ ఆక్సిజన్ థెరపీ, నలభై సిట్టింగులు, ప్యాకేజీ తీసుకుంటే కలిసొస్తుంది, డబ్బు ముందే కట్టాలి" అన్నారట. ప్యాకేజీ అనగానే నాకు అనుమానమొచ్చింది. మనం క్లయింట్లకి అమ్మేదీ ఆ భాషలోనే కదా :)

నేను డాక్టర్ని కాదు, కోడ్ రాసుకు బతికేవాణ్ణి. కానీ కాలు నాన్నది. అందుకని ఆ రాత్రి కూర్చుని చదివాను.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. ఆ చాంబర్లో నూటికి నూరు శాతం, అదీ మామూలు గాలి ఒత్తిడికి రెండు మూడు రెట్ల ఒత్తిడిలో పీలుస్తారు. ఒక్కో సిట్టింగు గంటన్నర నుంచి రెండు గంటలు. మామూలుగా ఆక్సిజన్ని మోసేది హిమోగ్లోబిన్. ఒత్తిడి పెరిగితే అది రక్తంలోని నీళ్ళ భాగంలో కూడా కరుగుతుంది, గోలీసోడాలో గ్యాసు కరిగినట్టు. 100 మి.లీ. రక్తంలో మామూలుగా కరిగి ఉండేది 0.3 మి.లీ. మూడు రెట్ల ఒత్తిడిలో అది 6 మి.లీ. దాకా వెళుతుంది. అంటే ఇది బూటకం కాదు, నిఖార్సయిన ఫిజిక్సే.

పనిచేసే చోట బాగా పనిచేస్తుంది కూడా. సముద్రంలోంచి గబగబా పైకొచ్చిన డైవర్లకి రక్తంలో బుడగలు చేరితే ఇదే వైద్యం. బాత్రూంలో గ్యాస్ గీజరు వల్ల కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిందనుకోండి, మామూలు గాలిలో అది సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు, ఈ చాంబర్లో అరగంటలోపే. గ్యాస్ గాంగ్రీన్, హఠాత్తుగా వచ్చిన చెవుడు, రేడియేషన్ వల్ల దెబ్బతిన్న కండ, కొన్ని రకాల షుగరు పుళ్ళు.. ఇవన్నీ అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకున్న జాబితాలో ఉన్నాయి. ఆటిజం, క్యాన్సర్, సెరిబ్రల్ పాల్సీ లేవు. వాటికీ ఇదే మందని ఎవరైనా చెప్తే పర్సు జేబులోనే ఉంచుకోండి.

మరి షుగరు పుండు సంగతి? ఇక్కడే నాకు తల తిరిగింది. 2010లో స్వీడన్‌లో 94 మంది మీద చేసిన పరిశోధనలో ఏడాది తిరిగేసరికి ఈ వైద్యం అందినవాళ్ళలో 52 శాతం మందికి పుండు పూర్తిగా మానింది, ఉత్తుత్తి చికిత్స అందినవాళ్ళలో 29 శాతం మందికే. భేష్ అనుకున్నాను. తరవాత 2016లో కెనడాలో, 2018లో నెదర్లాండ్స్‌లో చేసినవి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అమెరికాలో మెడికేర్ వాళ్ళు కూడా పుండు లోతుగా ఉండి, 30 రోజుల మామూలు వైద్యానికి లొంగకపోతేనే డబ్బిస్తారు. ఆ తరవాత కూడా 30 రోజులకోసారి గుణం కనిపించాలి.

ఆ "మామూలు వైద్యం" అన్న మాటే నన్ను ఆపింది. నాన్నకి అదేదీ జరగలేదు!

సెంటర్‌కి ఫోన్ చేసి "కాలికి రక్తం సరిగ్గా వెళ్తోందో లేదో చూశారా?" అని అడిగాను. "చాంబర్లో ఆక్సిజన్ ఎలాగూ వెళుతుంది కదండీ" అన్నారు. నాన్నని హైదరాబాద్ తీసుకొచ్చి రక్తనాళాల సర్జన్‌కి చూపించాను. ఆయన పాదం మీద వేలు పెట్టి నాడి చూశాడు, డాప్లర్ తీయించాడు. మోకాలి కింద రక్తనాళం మూసుకుపోయి ఉంది. "పైపులో అడ్డుంటే ట్యాంకు నింపి ఏం లాభం?" అన్నాడు. ముందు యాంజియోప్లాస్టీ చేశారు. కుళ్ళిన కండ తీసేశారు, దాంతోపాటు ఒక వేలు కూడా. ఇన్సులిన్ సరిచేసి, పాదం మీద బరువు పడకుండా చెప్పులిచ్చారు. నెల తరవాత కూడా పుండు మొరాయిస్తే అప్పుడు ఆయనే చాంబర్‌కి రాశాడు. పదేసి సిట్టింగులకోసారి చూసి, గుణముంటేనే ముందుకి.

ముప్ఫై అయ్యాయి. ఆ అనుభవంలోంచి కొన్ని మాటలు. విమానం దిగుతున్నట్టు చెవులు దిబ్బడేస్తాయి, గుటకలు మింగుతూ ఉండాలి. జలుబు చేస్తే ఆరోజు మానెయ్యాలి. లోపల షుగరు పడిపోవచ్చు, ముందూ వెనకా టెస్టు చేయించాలి. చూపు కొంచెం మసకేస్తుంది, మెల్లగా సర్దుకుంటుంది, తొందరపడి కొత్త కళ్ళజోడు కొనకండి. అరుదుగా ఫిట్స్ రావచ్చు. ఊపిరితిత్తుల జబ్బులుంటే, గతంలో కీమోథెరపీ జరిగి ఉంటే ముందే చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యమైంది నిప్పు. నూలు బట్టలే వేసుకోవాలి. ఫోను, వాచీ, లైటరు లోపలికి పోకూడదు. అమ్మ అలవాటుగా నాన్న తలకి కొబ్బరినూనె రాస్తుంటే ఆపడానికి నాకు చిన్న యుద్ధమే అయింది. కానీ ఇది చాదస్తం కాదు. 1997లో మిలాన్‌లో చాంబర్ అంటుకుని 11 మంది పోయారు. 2025 జనవరిలో అమెరికాలోని మిషిగన్‌లో ఐదేళ్ళ పిల్లాడు పోయాడు. డాక్టరూ, శిక్షణ ఉన్న ఆపరేటరూ లేని చోటికి వెళ్ళకండి.

ఐదు నెలలకి పుండు మానింది. దేనివల్ల అంటే చెప్పలేను. ఒకేసారి నాలుగు మార్పులు చేసి డిప్లాయ్ చేస్తే బగ్ దేనివల్ల పోయిందో మనకి మాత్రం తెలుస్తుందా? పాదం మిగిలింది, అది చాలు.

చాంబర్ మంచిదా కాదా అని అడక్కండి. నా జబ్బు జాబితాలో ఉందా, దానికన్నా ముందు చేయాల్సినవి చేశారా, ఎన్ని సిట్టింగులకి గుణం లేకపోతే ఆపుతారు.. ఈ మూడూ అడగండి.

నేను మాత్రం ఇంకో ప్రశ్న ఆలస్యంగా అడిగాను. ఆ నెలన్నరలో నాన్న రెండుసార్లు ఫోన్లో పుండు మాటెత్తితే "ఆయింట్‌మెంట్ రాసుకో నాన్నా, మీటింగ్‌లో ఉన్నా" అన్నాను. ఆ వేలు అప్పుడు పోయిందో, అంతకుముందే పోవాల్సి ఉందో నాకు తెలియదు. ఇప్పుడు ఆదివారం వీడియో కాల్‌లో మొదటి మాట ఒకటే.

"నాన్నా, కాళ్ళు చూపించు."