మల్లిక్ బజారులో పాతకారు భవితవ్యం

కలకత్తా నగరంలోని పార్క్ స్ట్రీటు, ఒకనాటి లోయర్ సర్క్యులర్ రోడ్డును కలిసేచోట మల్లిక్ బజారు ఉన్నది. ఆ రోడ్డుకు నేడు ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ పేరు. కూడలికి కూతవేటు దూరంలోనే 1767లో ఏర్పడిన పురాతన శ్మశానవాటిక కనిపిస్తుంది. ఏషియాటిక్ సొసైటీ స్థాపకుడు, సంస్కృతాభిమాని సర్ విలియం జోన్స్ సమాధి అక్కడే ఉన్నది. ప్రహరీగోడ లోపల చెట్లనీడ, నిశ్శబ్దం. బయట బజారులో సుత్తిదెబ్బల మోత. గోడకు అవతల మనుష్యులకు లభించిన విశ్రాంతి ఇవతల మోటారు కార్లకు అంత సులభంగా లభించదు. ప్రాణంపోయిన కారు తలుపు మరొక కారుకు అమరుతుంది. దాని గేర్‌బాక్సు వేరొకదాని కడుపులో చేరి మళ్ళీ తిరగడం మొదలుపెడుతుంది.

పాత విడిభాగాలకు ఈ బజారు పెట్టినది పేరు. స్టీరింగ్ చక్రాలు, రేడియేటర్లు, కమాను కట్టలు, దీపాల అద్దాలు దుకాణాలలో గుట్టలుగా పడి ఉంటాయి. సొంత కారును బాగుచేయించుకోవాలా, వదిలించుకోవాలా అనే ప్రశ్న ఈ నగరంలోని ఏ ఇంట తలెత్తినా, సమాధానం వెదకడానికి ఎవరో ఒకరు ఈ వీధికి రావలసిందే. ఆ ఇంటి కారు అంబాసిడర్ అయితే ఆ ప్రశ్నకు బరువు మరింత ఎక్కువ.

అంబాసిడర్ ఈ ప్రాంతపు బిడ్డ. 1942లో స్థాపితమైన హిందుస్థాన్ మోటార్స్ సంస్థ, గుజరాత్‌లోని ఓఖా రేవు నుంచి 1948లో హుగ్లీ నది ఒడ్డున ఉన్న ఉత్తరపాడాకు తరలివచ్చింది. కర్మాగారం చుట్టూ ఊరే వెలసింది. హౌరా నుంచి బర్ధమాన్ వెళ్ళే లోకల్ రైళ్ళు ఆగే స్టేషనుకు హింద్‌మోటర్ అన్న పేరే స్థిరపడింది. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో 1950ల చివర ఇక్కడ మొదలైన అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. అర్ధశతాబ్దానికి పైగా దాని రూపురేఖలు పెద్దగా మారలేదు. ఈ మార్పులేనితనాన్ని ఎందరో ఎగతాళి చేశారు. కాని దాని దీర్ఘాయువుకు రహస్యం కూడా అదే. తండ్రి కొన్న కారుకు సరిపోయే భాగం కొడుకు కొన్న కారులోనూ దొరికేది.

దక్షిణ కలకత్తాలోని పాత ఇళ్ళలో ఇటువంటి కార్లు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. అక్కడ జరిగే చర్చను ఊహించడం కష్టం కాదు. కొడుకు లెక్కలు చూపిస్తాడు: లీటరు పెట్రోలుకు కారు నడిచే దూరం తక్కువ, నెలనెలా మరమ్మతు. తల్లి లెక్క వేరు: "ఇందులోకి ఎక్కాలంటే నడుం వంచనక్కరలేదు. మోకాళ్ళనొప్పులతో ఆ కొత్త కారులో నేనెలా కూర్చోను నాయనా?" ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. భర్త జ్ఞాపకమని ఆమె పైకి అనదు. అనకపోయినా అందరికీ తెలుసు.

ఇటువంటి సందర్భంలో అనుభవజ్ఞుడైన మిస్త్రీ మొదట ఇంజను జోలికి పోడు. ఇంజను ఎంత పాడైనా దానికి చికిత్స ఉన్నది. సిలిండర్లు బోరు చేయించవచ్చు, పిస్టన్లు, రింగులు మార్చవచ్చు, క్లచ్ ప్లేటు కొత్తది వేయవచ్చు. అతడు కారు కిందికి దూరి నేలరేకును, తలుపుల కిందనున్న పట్టీలను స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూస్తాడు. అంబాసిడర్‌కు లారీవలె విడిగా చట్రం లేదు. బరువంతా మోసేది ఒంటి రేకే. వంగదేశపు తేమకు, వానాకాలంలో వీధుల్లో నిలిచే నీటికి ఆ రేకు తుప్పుపట్టి మొన లోపలికి దిగిపోయిందంటే, పైన ఎంత రంగు పూసినా ప్రయోజనం లేదు. రేకు గట్టిగా ఉంటే మాత్రం ఖర్చు పెట్టడంలో అర్థం ఉన్నది.

రెండవ పరీక్ష కాగితాలది. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు చెల్లుతుంది. ఆ తరువాత వాహనం యోగ్యమని తేలితే ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. అంతకు ముందు 600 రూపాయలున్న ఆ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 రూపాయలైంది. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దానిని 10,000కు పెంచారు. మరొకవంక, పాత కారును అధీకృత తుక్కు కేంద్రానికి అప్పగించి ధ్రువపత్రం పొందినవారికి, కొత్త కారుపై రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇవ్వడానికి 2021నాటి విధానం రాష్ట్రాలకు వీలు కల్పించింది. ప్రభుత్వం మొగ్గు ఎటువైపో చెప్పనక్కరలేదు. ఆ మొగ్గుకు కారణమూ లేకపోలేదు: పాత ఇంజను వదిలే పొగను ఆ ఇంటివారొక్కరే పీల్చరు. ప్రమాదంలో ప్రాణం కాపాడే గాలిసంచులు ఆ పాత కారులో లేవు. ఇటీవల పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నందువల్ల పాతకాలపు రబ్బరు గొట్టాలను కూడా మార్పించుకోవడం క్షేమం.

ఈ రెండు పరీక్షలలో నెగ్గిన కారుకు కూడా మూడవది ఒకటి మిగిలి ఉన్నది. అది కారుకు కాదు, వీధికి పెట్టే పరీక్ష. ఇన్నాళ్ళూ సొంత అంబాసిడర్‌ను చౌకగా నడిపించినవి నిజానికి నగరంలోని పసుపుపచ్చ టాక్సీలు. వేలకొద్దీ టాక్సీలకు అవే భాగాలు కావలసిరావడం వల్ల వర్తకుడు సరుకు నిలువ ఉంచాడు. రోజూ అదే ఇంజను విప్పడం వల్ల మిస్త్రీ చేయి తిరిగింది. వారానికొకసారి గుడికో, బంధువుల ఇంటికో కదిలే కుటుంబపు కారు ఆ రద్దీ నీడలో హాయిగా బ్రతికింది. పదిహేనేళ్ళు దాటిన వాణిజ్య వాహనాలను నగరం నుంచి తొలగించాలని 2008లో కలకత్తా హైకోర్టు ఆదేశించింది. ఆ లెక్కన 2014లో తయారైన చిట్టచివరి టాక్సీకి సైతం 2029తో గడువు ముగుస్తుంది. తుక్కుగా మారుతున్న టాక్సీల వల్ల పాత భాగాలు కొంతకాలం పుష్కలంగా దొరకవచ్చు. కాని అది ఊట ఎండిన చెరువులో మిగిలిన నీరు వంటిది, తోడినకొద్దీ తరిగిపోవలసిందే.

కనుక బాగుచేయించదలచిన కుటుంబం ఈనాటి ఖర్చును మాత్రమే చూసుకుంటే చాలదు. నిత్యం ఆఫీసుకు, ఆసుపత్రికి ఆ కారు మీదనే ఆధారపడేవారు, విడిభాగం దొరికేదాకా వారాల తరబడి ఆగలేరు. వారికి కొత్త కారే శ్రేయస్కరం. తల్లి మోకాళ్ళకు అనువుగా కాస్త ఎత్తైన సీటున్న బండిని ఎంచుకుంటే ఆమె మాటకూ మన్నన దక్కుతుంది. రేకు గట్టిదై, ప్రయాణాలు తక్కువై, కొంచెం ఓపిక ఉన్నవారు మాత్రం మరో ఐదేళ్ళకు రుసుము కట్టవచ్చు. కట్టే ముందు వారు మిస్త్రీ అంగడిలో కొంతసేపు కూర్చుని, అతడి పక్కన పానాలు అందిస్తూ పని నేర్చుకునే కుర్రవాడు ఎవరైనా ఉన్నాడేమో చూసి రావడం మంచిది.