దొంగనోటు మార్చిన చెయ్యి

టాస్మేనియా రాజధాని హోబర్ట్‌లో, వెల్లింగ్టన్ కొండ దిగువన ఒక సన్నటి వాగు పారుతుంటుంది. దాని ఒడ్డునే ఎత్తయిన ఇసుకరాతి గోడలు. లోపలికి అడుగుపెడితే కంటికి ఆనేది తక్కువే. బోసిగా ఉన్న ఆవరణలు, పాత కట్టడాలు ఎక్కడిదాకా ఉండేవో తెలిపే గుర్తులు, ఒక ఆవరణలో మేట్రన్ కాపురమున్న చిన్న ఇల్లు. కాస్కేడ్స్ ఫిమేల్ ఫ్యాక్టరీ పేరుతో 1828 నుంచి 1856 దాకా నడిచిన ఆడఖైదీల జైలులో మిగిలింది దాదాపు ఇంతే. అంతకుముందు ఇది సారా బట్టీ. యునెస్కో 2010లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన 11 ఆస్ట్రేలియా ఖైదీ స్థలాల్లో ఇదీ ఒకటి.

బ్రిటన్ నుంచి, ఐర్లండ్ నుంచి ద్వీపాంతరవాస శిక్ష పడి ఈ దీవికి చేరిన ఆడవాళ్లు 12 వేలకు పైమాటే. అప్పట్లో దీని పేరు వాన్ డీమెన్స్ ల్యాండ్. వచ్చినవాళ్లలో ఎక్కువమంది దొంగతనం కేసులవాళ్లు. నా మనసంతా మాత్రం దొంగనోట్లు మార్చి పట్టుబడ్డ స్కాట్లాండ్ ఆడవాళ్ల మీదే ఉంది. ఆ నేరం కథ తెలుసుకున్నకొద్దీ శిక్ష ఎవరికి పడాలో వాళ్లకు పడలేదన్న బాధ నాలో పెరుగుతూ వచ్చింది.

కథ మొదలైంది 1797లో. ఫ్రాన్స్‌తో యుద్ధం నడుస్తోంది. నోటు తెచ్చినవాళ్లకు బంగారం ఇవ్వలేక బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ చెల్లింపులు ఆపేసి, ఒక పౌండు, రెండు పౌండ్ల నోట్లు వదిలింది. అంతకుముందు కాగితం డబ్బు ముఖం చూడని పేదవాళ్ల చేతికి కూడా నోటు వచ్చింది. దాన్ని నకలు తీయడం పెద్ద విద్యేమీ కాదు. 1821లో మళ్లీ బంగారం ఇచ్చేదాకా నోటు నేరాలకు ఉరికంబం ఎక్కినవాళ్లు 300 మందికి పైనే. ఆ రోజుల్లో లండన్ ఉరికంబం మీద ఆడవాళ్లు వేలాడడం చూసి తట్టుకోలేక జార్జ్ క్రూక్‌షాంక్ అనే వ్యంగ్య చిత్రకారుడు 1819లో ఉరితాళ్ల బొమ్మలతో ఒక వెక్కిరింపు నోటు అచ్చువేశాడు. బ్యాంకు వకీళ్లు ఒక బేరం పెట్టేవాళ్లు. నోట్లు దగ్గరుంచుకున్నానని ఒప్పుకుంటే ఉరి తప్పుతుంది, 14 ఏళ్లు సముద్రం దాటాలి. కేసు పెట్టిన ఆ బ్యాంకే ఓడ ఎక్కబోయే ఆడఖైదీలకు చేతిఖర్చుకు సొమ్ము ఇచ్చేది కూడా.

స్కాట్లాండ్ సంగతి వేరు. అక్కడ ఏ బ్యాంకు నోటు దానిదే. బంగారం కంటే పౌండు నోటుకే జనం అలవాటు పడ్డారు. 1826లో చిన్న నోట్లు రద్దు చేయాలని లండన్ ప్రభుత్వం చూస్తే, నవలాకారుడు వాల్టర్ స్కాట్ మలకై మలగ్రౌథర్ అనే మారుపేరుతో పత్రికలో లేఖలు రాసి ఎదిరించాడు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఇంగ్లండ్‌లో చిన్న నోట్లు పోయాయి, స్కాట్లాండ్‌లో నిలిచాయి. బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ నోట్ల మీద ఇప్పటికీ ఉన్నది స్కాట్ బొమ్మే. దేశాభిమానుల దృష్టిలో అది గొప్ప విజయం. కాదనను. కానీ పౌండు నోటు ఉన్నన్నాళ్లూ దాని నకలూ సంతలో తిరిగింది. ఆ నకలుతో పట్టుబడేది ఎవరన్నది లేఖలు రాసినవాళ్లకూ అక్కర్లేదు, రద్దు చేయబోయినవాళ్లకూ అక్కర్లేదు.

ఈ వ్యాపారం మూడు చేతుల మీదుగా నడిచేది. పలక చెక్కి అచ్చువేసేవాడు ఒకడు. కట్టలుగా కొని అసలు విలువలో కొద్ది భాగానికి అమ్మేవాడు ఇంకొకడు. చివరిది మార్చే చెయ్యి. ఆ చెయ్యి చాలాసార్లు ఆడదానిది. దీపం వెలుగులో అంగడికి వెళ్లి కాస్త టీ పొడి, కాస్త చక్కెర కొని నోటు చాపితే చిల్లరగా అసలు డబ్బు వస్తుంది. లాభం ఆ చిల్లరలోనే. ఒక పౌండంటే ఇంటి పనిమనిషికి కొన్ని నెలల జీతం. అనుమానం వచ్చిన అంగడివాడు కేక వేస్తే అక్కడ నిలబడి ఉండేది ఆమె. అచ్చువేసినవాడి ముఖం ఆమెకు కూడా తెలిసి ఉండకపోవచ్చు.

ఈ ఆవరణల్లో తిరుగుతున్నంతసేపూ నాకు ఆ అంగడి గుమ్మమే కళ్లముందు మెదిలింది.

మమ్మల్ని తిప్పి చూపించినావిడ గోడ అడుగు వరసల దగ్గర ఆగి, "చెయ్యి పెట్టి చూడండి" అంది. ఎండగా ఉన్న రోజే, అయినా రాయి చెమ్మగా, చల్లగా తగిలింది. పైవరసలు తేనెరంగులో మెరుస్తున్నాయి, మోకాలి ఎత్తు వరకూ నాచు నలుపు. కొండ అడ్డు, పక్కనే వాగు. చలికాలంలో ఇక్కడ ఎండ నిలిచేది కొద్దిసేపే. జైలు కట్టడానికి ఇంతకంటే చెడ్డ చోటు లేదని ఆనాడే ఎందరో మొత్తుకున్నారు.

లోపల మూడు తరగతులు. మంచి నడవడి ఉన్నవాళ్లను దొరల ఇళ్లకు పనికి పంపేవాళ్లు. అక్కడ ఎదురుచెప్పినా, తాగినా, పారిపోయినా మళ్లీ ఇక్కడికే. అప్పుడు పడేది నేరతరగతిలో (క్రైమ్ క్లాస్). ఆ తరగతివాళ్ల జాకెట్టు వీపున, కుడి చేతి మీద, లంగా వెనక పసుపు గుడ్డతో పెద్ద 'సి' అక్షరం కుట్టేవాళ్లు. జుట్టు కత్తిరించడం ఇంకో శిక్ష. పొద్దస్తమానం ఊరి బట్టలు తొట్లలో ఉతకాలి, ఉన్ని ఏకి వడకాలి, ఓడల పాత తాళ్లను వేళ్లతో పీచుపీచుగా విడదీయాలి. 1845లో మూడో ఆవరణలో రెండంతస్తుల్లో ఒంటరి గదులు లేచాయి.

నన్ను అన్నిటికంటే కలచివేసింది పిల్లల సంగతి. పనికి వెళ్లిన ఇంట్లో గర్భం వస్తే నేరం ఆమెదే. ఇక్కడికి తెచ్చి కాన్పు చేయించేవాళ్లు. పాలు మాన్పించగానే బిడ్డను వేరుచేసి తల్లిని ఆరు నెలలు నేరతరగతిలో వేసేవాళ్లు. ఇరుకులో, చెమ్మలో పసివాళ్లు రాలిపోయారు. బతికినవాళ్లు న్యూటౌన్‌లోని అనాథ పాఠశాలకు. గ్లాస్గో నుంచి దొంగతనం కేసులో వచ్చిన మేరీ మెక్‌లాక్లన్ ఇక్కడే ప్రసవించింది. బిడ్డను చంపిందని తీర్పు చెప్పి 1830 ఏప్రిల్ 19న ఉరితీశారు. ఈ దీవిలో ఉరిపడ్డ మొదటి స్త్రీ ఆమె. బిడ్డ తండ్రి మీద ఏ కేసూ లేదు. ఆమెది నోట్ల నేరం కాకపోయినా, పక్కనున్న మగవాడు తప్పించుకున్న తీరు అదే.

ఓడ ఎక్కేముందు, జైళ్ల సంస్కరణకు పాటుపడ్డ ఎలిజబెత్ ఫ్రై బృందం ఆడవాళ్లకు సూదులు, దారం, గుడ్డపీలికలు ఇచ్చేది. 1841లో 'రాజా' అనే ఓడలో వచ్చిన ఆడవాళ్లు వాటితో 2,815 ముక్కల బొంత కుట్టారు. అది కాన్‌బెర్రాలోని జాతీయ చిత్రశాలలో ఉంది. ఇన్ని అవమానాల మధ్య ఆ చేతులు చేసిన పని అంత సొగసుగా నిలిచి ఉండడం నాకెంతో సంతోషం కలిగించింది.

ఖైదీల రికార్డులు 2007లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకెక్కాయి. టాస్మేనియా ప్రభుత్వ భాండాగారం వాటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడనిస్తోంది. ఎత్తు, వయసు, కళ్ల రంగు, పుట్టిన ఊరు, ఒంటిమీది మచ్చ, చేతనైన పని, ఇక్కడికొచ్చాక పడిన శిక్షలు, ఒక్కొక్కటీ గుమాస్తా చేతిరాతలో. స్కాట్లాండ్ ఆడఖైదీల కోసం వెతికేవాళ్లు 1838లో ఇక్కడికి చేరిన 'అట్విక్' ఓడతో మొదలుపెట్టవచ్చు. ఆ ఓడలో వచ్చిన స్కాట్లాండ్ ఆడవాళ్ల మీద పరిశోధకురాలు లూసీ ఫ్రాస్ట్ ఒక పుస్తకమే రాశారు.

మనవాళ్లు హోబర్ట్ వెళ్తే పోర్ట్ ఆర్థర్ చూసి తిరిగొస్తారు. అది మగఖైదీల చోటు, చూడదగ్గదే. ఈ ఆవరణలకు కూడా ఒక పూట కేటాయించండి. గైడుతో కలిసి తిరిగితేనే ఈ ఖాళీ నేల అర్థమవుతుంది. వాగు వెంట ఊరి నడిబొడ్డు దాకా కాలిబాట ఉంది. తిరుగుప్రయాణం నడకనే చేయవచ్చు.